కుటుంబ యాత్రకు బాడుగ కారు

సొంత కారు లేని కుటుంబం ఏడాదికి ఒక పర్యాయమో, రెండేండ్లకు ఒక పర్యాయమో అందరూ కలిసి యాత్రకు బయలుదేరుతుంది. పెద్దవారికి తిరుమల మొక్కు ఉంటుంది. పిల్లలు బెలుం గుహలు చూడవలెనంటారు. లేపాక్షి ఇంత చేరువలో ఉండి కూడా ఇంతవరకు చూడలేదే అన్న చింత ఇల్లాలికి ఉంటుంది. వీటన్నిటి కోసం సొమ్ము కూడబెట్టి, సెలవులు కుదుర్చుకొని, చివరకు కారు మాట్లాడే పనిని మాత్రం బయలుదేరే ముందునాటి సాయంకాలానికి వదిలివేయడం మనలో చాలా ఇండ్లలో కనిపించే అలవాటు. ఆ సాయంకాలం అడిగే ప్రశ్న కూడా సాధారణంగా ఒక్కటే: "కిలోమీటరుకు ఎంత?" ఈ ప్రశ్న అడగవలసినదే. కాని మొదట అడగవలసినది మాత్రం కాదు. దానికన్న ముందు తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నవి. వాటిని గూర్చియే ఈ ప్రసంగం.

కొత్తచెరువు పరిసరాలలో బాడుగ కారు కొత్త వస్తువు కాదు. వాన దేవుని దయ మీద ఆధారపడిన ఈ మెట్టసీమలో కారు నడపడం ఒక జీవనోపాధిగా వేళ్ళూనుకొన్నదంటే అందుకు ముఖ్యకారణం పుట్టపర్తి. అక్కడ 1990లో విమానాశ్రయం వచ్చినది. 2000 నవంబరులో కొత్తచెరువు సమీపాన ప్రశాంతి నిలయం రైల్వే స్టేషను తెరిచారు. దూరదేశాల యాత్రికులను బెంగుళూరు నుండి తీసుకొనివచ్చి, మరల దిగబెట్టడంతో ఎందరో డ్రైవర్ల కుటుంబాలు గడిచినవి. 2011 ఏప్రిల్‌లో సత్యసాయిబాబా నిర్యాణం తరువాత ఆ రాకపోకలు తగ్గినప్పటికీ, ఆ విద్య నేర్చినవారు ఇక్కడనే ఉన్నారు. దీనికి తోడు పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ఖానా 2019 నుండి కార్లు తయారు చేస్తున్నది. కార్లు పుట్టే చోటికి ఇంత దగ్గరగా ఉన్న మనము, ఆ కార్లలో మన ఇంటికి ఏది సరిపోతుందో తెలుసుకొనడంలో మాత్రం ఇంకా వెనుకబడియే ఉన్నాము.

మొదట తలలు లెక్కపెట్టండి. "ఏడు సీట్ల బండి" అన్న మాట విని ఏడుగురం సరిపోతామని సంతోషించేవారు ఉన్నారు. ఆ ఏడులో ఒకటి డ్రైవరు సీటు. కాబట్టి ఎర్టిగా, కారెన్స్ వంటి బండ్లలో ప్రయాణికులకు మిగిలేది ఆరు స్థానాలే. డిజైర్ వంటి చిన్న కారులో నలుగురికే చోటు. ఇన్నోవాలో ఏడు సీట్లవీ ఉన్నవి, ఎనిమిది సీట్లవీ ఉన్నవి. వచ్చేది ఏదో ముందే అడగవలె. పిల్లవానిని ఒడిలో కూర్చోబెట్టుకొంటే సరిపోతుంది కదా అనే సర్దుబాటు మన సంప్రదాయం. బస్సులో అది చెల్లినది గాని వేగంగా పోయే కారులో చెల్లదు. కారు హఠాత్తుగా ఆగినప్పుడు ఒడిలోని బిడ్డను ఏ తల్లి చేతులూ పట్టి ఆపలేవు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం పదునాలుగేండ్ల లోపు పిల్లలకు బెల్టుగాని, పిల్లల సీటుగాని తప్పనిసరి చేసి, లేకుంటే 1000 రూపాయల జరిమానా నిర్ణయించినది. పరిమితికి మించి ఎక్కిన ఒక్కొక్క ప్రయాణికునికి 200 రూపాయల జరిమానా ఉన్నది. అంతే కాదు, అధికంగా ఎక్కినవారు దిగి, వారికి వేరే ఏర్పాటు జరిగేవరకు ఆ బండిని కదలనివ్వరు. మే నెల ఎండలో కదిరి దాటిన తరువాత దారి ప్రక్కన ఆ ఏర్పాటు కోసం నిలబడవలసి వస్తే ఎట్లా ఉంటుందో ఊహించుకోండి.

తలల తరువాత మోకాళ్ళు. చివరి వరుసలోకి పోవాలంటే మధ్య సీటును మడిచి, వంగి, ఒక కాలు ముందుగా పెట్టి దూరవలె. అవ్వలకు, తాతలకు అది కష్టం. వారిని మధ్య వరుసలో కూర్చోబెట్టి, పిల్లలను వెనుకకు పంపుదామంటే, అక్కడికి ఏసీ గాలి చక్కగా చేరుతున్నదా అన్న ప్రశ్న వస్తుంది. ఈ సంగతి బండి యజమాని నోట వినడంకన్న, బండి తెప్పించి, ఇంట్లో పెద్దవారిని ఒక్కసారి ఎక్కించి దించి చూడడం మేలు. పెండ్లిచూపులకు ఇంత శ్రద్ధ చూపే మనవాళ్ళు దీనికి సిగ్గుపడనక్కరలేదు.

సామాను విషయం చాలామందికి బయలుదేరే క్షణం వరకు గుర్తురాదు. విచిత్రమేమంటే, పెద్ద బండిలో సామానుకు చోటు ఎక్కువ ఉంటుందనుకోవడం అన్నివేళలా నిజం కాదు. ఎర్టిగాలో మూడవ వరుసలో మనుషులు కూర్చొంటే వెనుక మిగిలే చోటు సుమారు 209 లీటర్లు. దానికన్న చిన్నదైన డిజైర్ పెట్రోలు కారు డిక్కీ సుమారు 378 లీటర్లు. అయితే ఆ డిజైరే సీఎన్‌జీతో నడిచేదైతే డిక్కీలో చాలా భాగం గ్యాసు సిలిండరు ఆక్రమిస్తుంది. బాడుగ కార్లలో సీఎన్‌జీ బండ్లు ఇప్పుడు చాలా ఉన్నవి గనుక ఈ ప్రశ్న తప్పక అడగవలె. ఆరుగురు మనుషులు, ఆరు సంచులు, వంట సామాను, ఒక నీళ్ళ క్యాను ఉంటే ఎర్టిగా మీద క్యారియర్ అవసరమవుతుంది. క్యారియర్ మీద బరువు పెరిగినకొద్దీ బండి మలుపులలో ఊగుతుంది. ఘాటు రోడ్డు ఉన్న యాత్రకు అది మంచిది కాదు.

బరువును గూర్చి ఇంతగా చెప్పడానికి మన సీమలో మరొక కారణమున్నది. ఇక్కడ వేసవి ఎండ నలుబది డిగ్రీలు దాటుతుంది. తారురోడ్డు అంతకన్న వేడెక్కుతుంది. టైరులో గాలి తక్కువై, పైన బరువు ఎక్కువైనప్పుడు చక్రం తిరిగిన ప్రతిసారి టైరు ప్రక్కగోడ నొక్కుకొని మరల లేస్తుంది. ఆ కదలికతోనే లోపల వేడి పుడుతుంది. వేగం పెరిగినకొద్దీ ఆ వేడికి చల్లారే వ్యవధి ఉండదు. జాతీయ రహదారి 44 వంటి చదునైన, సూటి దారిలో టైరు పగలడానికి తరచు కారణం దారి కాదు, ఇదే. కాబట్టి కారును చూడబోయినప్పుడు పైన రంగు తళతళలను వదిలి, క్రిందికి వంగి టైర్లు చూడండి. టైరు గాడుల మధ్య అక్కడక్కడ చిన్న రబ్బరు మిట్టలు ఉంటవి. టైరు అరిగి వాటితో సమానమైనదంటే గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు వచ్చినదన్నమాట. ఇక ఆ టైరు పనికిరాదు. టైరు ప్రక్కన నాలుగంకెల సంఖ్య కూడా ఉంటుంది. 3222 అని ఉంటే అది 2022వ సంవత్సరం 32వ వారంలో తయారైనదని అర్థం. స్టెప్నీని కూడా ఇట్లాగే చూడవలె. అయిదవ చక్రానికి చాలామంది యజమానులు ముసలి టైరునే కేటాయిస్తారు.

ఇక నంబరు పలక సంగతి. పసుపు పలక మీద నల్లని అక్షరాలుంటే అది బాడుగకు నడిపేందుకు అనుమతి పొందిన బండి. తెల్ల పలక సొంత వాడకానికి. నల్ల పలక మీద పసుపు అక్షరాలు ఉంటే అది మనమే నడుపుకొనేందుకు అద్దెకిచ్చే బండి. ఈ మూడవ రకం గూర్చి ఒక మాట. డ్రైవరు లేకుండా కార్లను అద్దెకిచ్చే సంస్థల కోసం కేంద్ర ప్రభుత్వం 1989లో ఒక పథకాన్ని తెచ్చినది. లైసెన్సు కావలసినవారికి కనీసం 50 కార్లు ఉండవలెనని అందులో నియమం. కాబట్టి అటువంటివి బెంగుళూరు, హైదరాబాదు వంటి నగరాలలో దొరుకుతవి గాని, మన మండల కేంద్రంలో ఒకటి రెండు కార్లున్నవారు "తాళాలిస్తాం, మీరే నడుపుకోండి" అంటే అది తెల్ల పలక బండి కావడానికే అవకాశం ఎక్కువ.

తెల్ల పలక బండి చౌక. పన్ను తక్కువ, పర్మిటు ఖర్చు లేదు. తెలిసినవారిది, ఇంటి బండివలె ఉంటుంది. ఇన్ని సుఖాలున్న దానిని ఎందుకు కాదనవలె? సొంత వాడకపు బీమా పత్రంలో, బాడుగకు వినియోగించిన పక్షంలో బీమా వర్తించదన్న షరతు ఉంటుంది. ఏ ప్రమాదమూ జరగనంతకాలం ఆ షరతు ఎవరికీ గుర్తుండదు. జరిగిన నాడు బీమా కంపెనీ దానినే ముందు పెడుతుంది. అప్పుడు ఆస్పత్రి ఖర్చుల మాట, పోయిన సంపాదన మాట కోర్టులో తేలేసరికి ఏండ్లు పడుతుంది. పైగా కారు ఇచ్చిన బంధువుకూ మనకూ మధ్య ఉన్న మాట పోతుంది. కిలోమీటరుకు రెండు మూడు రూపాయల పొదుపు కోసం ఇంటిల్లిపాది భద్రతను పణం పెట్టడం నా దృష్టిలో తెలివిగల పని కాదు.

పసుపు పలక ఉన్నంత మాత్రాన అన్నీ సక్రమమని కూడా అనుకోరాదు. ఇటువంటి బండ్లకు ఎనిమిదేండ్ల వయస్సు వచ్చేవరకు రెండేండ్లకొకసారి, ఆ తరువాత ప్రతి యేడూ ఫిట్‌నెస్ పరీక్ష జరగవలె. ఎంపరివాహన్ అనే ప్రభుత్వ యాప్‌లో బండి నంబరు కొట్టితే ఫిట్‌నెస్, బీమా గడువులు కనిపిస్తవి. నంది కొండలకో, మైసూరుకో పోయేటట్లయితే కర్ణాటకలో ప్రవేశించే అనుమతి బండికి ఉన్నదా, ఆ పన్ను ఏదైనా ఉంటే ఎవరు చెల్లించవలె అన్నది కూడా అప్పుడే తేల్చుకోవలె.

ఇన్నీ అయిన తరువాత వెల. ఇక్కడ ఒక లెక్క చెబుతాను. అంకెలు ఉదాహరణకు మాత్రమే. ఒక యజమాని కిలోమీటరుకు 14 రూపాయలు, రోజుకు కనీసం 300 కిలోమీటర్లు అన్నాడనుకోండి. మరొకరు 16 రూపాయలు, కనీసం 250 అన్నారు. తాడిపత్రి, బెలుం, గండికోట చూచి రెండు రోజులలో తిరిగి వచ్చే యాత్రలో బండి తిరిగినది 380 కిలోమీటర్లే అయినా మొదటివారు 600 కిలోమీటర్లకు 8400 రూపాయలు తీసుకొంటారు. రెండవవారు 500 కిలోమీటర్లకు 8000. చౌక అనుకొన్నదే ప్రియమైనది. అదే ఒక్క రోజులో 420 కిలోమీటర్లు పోయివచ్చే యాత్ర అయితే మొదటివారికి 5880, రెండవవారికి 6720. కిలోమీటరు వెల ఒక్కటే వింటే ఏదీ తెలియదని చెప్పడానికే ఈ లెక్క.

రోజు అంటే ఏమిటో కూడా అడగవలె. కొందరు ఇరువదినాలుగు గంటలను రోజంటారు. కొందరు అర్ధరాత్రి నుండి అర్ధరాత్రి వరకు లెక్కిస్తారు. ఈ రెండవ పద్ధతిలో రాత్రి తొమ్మిదికి బయలుదేరి మరునాటి అర్ధరాత్రి దాటి ఒంటిగంటకు ఇల్లు చేరితే, గడిచినది 28 గంటలే అయినా మూడు రోజుల బాడుగ పడుతుంది. కిలోమీటర్లను మన వాకిలి నుండి లెక్కిస్తారా, యజమాని షెడ్డు నుండి లెక్కిస్తారా? టోలు, పార్కింగు, డ్రైవరు బత్తా, రాత్రి బస ఎవరివి? ఇవన్నీ ఒక కాగితం మీద గాని, ఫోను సందేశంగా గాని వ్రాసుకొంటే తరువాత మాటలు పెరగవు. ఎనిమిది మంది ఉన్నవారు రెండు చిన్న కార్లకన్న ఒక టెంపో ట్రావెలర్ తీసుకొనడం చాలాసార్లు లాభం. ఒకే డ్రైవరు, ఒకే బత్తా, ఒకే టోలు. పిల్లలకు అందరూ ఒక్కచోట ఉన్న సంబరం కూడా.

కారును ఎంతగా పరీక్షించినా, దాని ముందు సీటులో కూర్చొనే మనిషిని గూర్చి ఎవరూ అడగరు. ఇక్కడి నుండి తిరుమలకు రానుపోను నాలుగువందల కిలోమీటర్లు పైబడిన దారి. లాడ్జి ఖర్చు కలిసివస్తుందని రాత్రి బయలుదేరి, పగలంతా దర్శనం చేసుకొని, ఆ రాత్రే తిరుగు ప్రయాణం చేసే ఏర్పాటు మనకు మహా ఇష్టం. మనము వెనుక సీట్లలో నిద్రపోతాము. డ్రైవరు ముందునాడు బెంగుళూరు విమానాశ్రయానికి పోయి వచ్చి ఉండవచ్చు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు పనికి హద్దుగా పెట్టినది. అయిదుగురు పనివారున్న సంస్థలకే ఆ చట్టం వర్తించినా, నిద్ర అందరి కన్నులకూ ఒకటే. తెల్లవారుజామున రెండు నుండి అయిదు గంటల మధ్య, ఎంత అనుభవమున్నవానికైనా రెప్ప వాలుతుంది. అది టీ త్రాగితే పోయేది కాదు.

అందుచేత కారు మాట్లాడేటప్పుడే "వచ్చే డ్రైవరు నిన్న ఎక్కడికి పోయినాడు?" అని అడగండి. రాత్రి బస ఉన్న యాత్రలో అతనికి ఒక మంచం మీ ఖర్చులో చేర్చండి. చాలా లాడ్జీలలో డ్రైవర్లకు గది ఉండదు. వారు కారులోనే పండుకొంటారు. అద్దాలు మూసి, ఇంజను నడుపుతూ ఏసీ వేసుకొని నిద్రపోతే పొగలోని కార్బన్ మోనాక్సైడు లోపలికి చేరి ప్రాణాపాయం కలుగవచ్చు. అద్దాలు తెరిస్తే దోమలు. అట్లా రాత్రి గడిపినవాడే మరునాడు మనలను ఘాటు రోడ్డు దింపవలసి ఉంటుంది. ఆ మంచానికయ్యే కొన్ని వందల రూపాయలు, మొత్తం యాత్ర ఖర్చులో నాకు అన్నిటికన్న సార్థకంగా తోచే వ్యయం.

బయలుదేరే ఉదయం చేయవలసినవి కొద్దియే. మీటరు అంకెను ఫోనులో ఫోటో తీసుకొనండి. వెనుక సీట్ల బెల్టులు సీటు తొడుగుల క్రింద పూడిపోయి ఉంటే బయటికి తీయించండి. త్రాగే నీరు కావలసినదానికన్న ఒక క్యాను ఎక్కువ పెట్టుకొనండి. మన మెట్ట దారులలో ఇంజనుకు కూడా దాహం వేయవచ్చు. అయితే వేడెక్కిన రేడియేటరు మూతను వెంటనే తెరవరాదు. ఆవిరి ముఖాన చిమ్ముతుంది. అర్ధగంట నీడలో ఆగి, చల్లారిన తరువాతనే తెరవవలె. జాతీయ రహదారి మీద బండి నిలిచిపోతే పిలవవలసిన సంఖ్య 1033. ఇతర దారులలో ఏ ఆపద వచ్చినా 112.