పాత కారు, నిజము లేని రశీదు



ఈ రోజులలో మన గ్రామములలో కూడా పాత కారు కొనుట సామాన్యమైపోయినది. ఒకప్పుడు పెండ్లికి అద్దెకు తెచ్చుకొన్న కారు ఇప్పుడు లక్షన్నర, రెండు లక్షలకు మన వాకిట్లోనికే వచ్చుచున్నది. పొలము అమ్మిన డబ్బో, చీటీ పాడిన డబ్బో, గల్ఫు నుండి కొడుకు పంపిన డబ్బో పెట్టి కొనుచున్నారు. కొన్న నెలకే బండి మొరాయించి, అమ్మినవాడు ముఖము చాటేస్తే, ప్రార్థన చేయమని మా యొద్దకు వచ్చుచున్నారు. తప్పక ప్రార్థన చేయుచున్నాము. అయితే దానితోపాటు చేయవలసిన పనులు కొన్ని ఉన్నవి. వాటిని మేము నష్టపడి నేర్చుకొన్నాము గనుక సిగ్గు విడిచి మా అనుభవమును మీ ముందుంచుచున్నాము.

మేము కొన్న కారు

మేము ఐదు గ్రామములలో పరిచర్య చేయుచున్నాము. మోటారు సైకిలు మీద తిరిగి తిరిగి మా ఇంటివారికి నడుము నొప్పి పట్టుకొన్నది. అది చూచి సంఘస్థులు తలా కొంత వేసికొన్నారు. వరి కోతకు పోయిన తల్లులు తమ కూలి డబ్బులోనుండి ఇచ్చారు. ఆ డబ్బుకు మేము కొంత కలిపి 2023 ఫిబ్రవరిలో జిల్లా కేంద్రములోని ఒక పాత కార్ల దుకాణమునకు వెళ్ళాము.

దుకాణదారుడు మన విశ్వాసములోనివాడే. గోడ మీద వాక్యము వ్రాసిన క్యాలెండరు ఉన్నది. "వందనాలు అయ్యగారూ, దైవసేవకులకు నేను అబద్ధము చెప్తానా? ఒకే చేతి బండి. 52,000 కిలోమీటర్లే తిరిగింది" అన్నాడు. మెకానికును వెంట తీసుకొని పోవలెనని మా సంఘ పెద్ద ఒకరు ముందే చెప్పారు. క్యాలెండరు చూచిన తరువాత మాకు ఆ అవసరము కనబడలేదు.

ధర 1,90,000 రూపాయలు అన్నాడు. బేరము సాగలేదు. చివరకు, "రశీదు 1,40,000కు వ్రాసుకొందాము అయ్యగారూ. నాకు పన్ను కలిసొస్తుంది, మీకు 5,000 తగ్గిస్తాను" అన్నాడు. మేము సరే అన్నాము. 1,85,000 నోట్లు లెక్కపెట్టి ఇచ్చి, 1,40,000 అని వ్రాసిన రశీదు జేబులో పెట్టుకొన్నాము. బండిని ఉన్నది ఉన్నట్టుగా తీసికొంటిమని ఉన్న మరొక కాగితము మీద చదవకుండానే సంతకము చేశాము. ఆర్.సి. మీద ఇంకా ఫైనాన్సు కంపెనీ పేరు ఉన్నది. ఆ అప్పు తీరినట్టు కాగితము వారములో వస్తుందన్నాడు.

ఏప్రిల్ నెలలో ఒక రాత్రి, నొప్పులు పడుచున్న ఒక సహోదరిని ఆసుపత్రికి తీసుకొని వెళ్ళుచుండగా దారిలో ఇంజను పొగలు క్రక్కి ఆగిపోయినది. ఊరికీ ఆసుపత్రికీ నడుమ, చీకటిలో ముప్పావు గంట నిలబడినాము. ఆ దారిన కూరగాయలు తీసుకొని పోవు ఆటో ఒకటి వచ్చినది. తల్లీ బిడ్డా క్షేమముగా ఉన్నారు. కాని ఆ ముప్పావు గంటను ఆ కుటుంబము మరువలేదు, మేమూ మరువలేదు.

మెకానికు ఇంజను విప్పి, 62,000 రూపాయల పని ఉన్నదన్నాడు. ముందు భాగము ఒకసారి గ్రుద్దుకొని అతికించినదనియు చూపాడు. బండి నంబరుతో కంపెనీ సర్వీసు కేంద్రములో అడుగగా, 2020లోనే అది 1,08,000 కిలోమీటర్లు తిరిగినట్టు నమోదై ఉన్నది. అనగా మీటరు వెనుకకు త్రిప్పబడినది.

కోపముతో వెళ్ళిన రోజు

మరునాడు మా యౌవనస్థులు ఏడుగురు, "మీరు రండి అయ్యగారూ, మేము మాట్లాడుతాము" అని బయలుదేరారు. మేమూ వెళ్ళాము. దుకాణము ముందు కేకలు, త్రోపులాట. అతడు మేము సంతకము చేసిన కాగితము తీసి అందరికీ చూపాడు. పోలీసులను పిలుస్తానన్నాడు. తలలు వంచుకొని తిరిగి వచ్చాము.

ఆ రాత్రి మత్తయి సువార్త 18వ అధ్యాయము జ్ఞాపకమునకు వచ్చినది. తప్పు చేసినవాని యొద్దకు మొదట ఒంటరిగా వెళ్ళవలెను. అతడు వినకపోతే ఒకరిద్దరిని వెంట తీసుకొని పోవలెను. అప్పటికీ వినకపోతే పదిమందికి చెప్పవలెను. మేము పదిమందితో మొదలు పెట్టాము. పదిమంది ముందు అవమానింపబడినవాడు తప్పు ఒప్పుకొనడు, తన్ను కాపాడుకొనుటకే చూచును. ఈ క్రమము సంఘమునకే కాదు, బజారుకు కూడా పనికివచ్చునని అప్పుడు తెలిసికొన్నాము.

వారము తరువాత మేము ఒక్కరమే వెళ్ళాము. మొదట మా వారి కేకలకు క్షమాపణ చెప్పాము. పిమ్మట సర్వీసు కేంద్రములోని వివరము, మెకానికు వ్రాసి ఇచ్చిన కాగితము చూపాము. ఈసారి అతడు కేకలు వేయలేదు. "నేను కూడా ఇంకొకరి దగ్గర కొన్నదే కదా" అని మాత్రము అన్నాడు. రెండవసారి మెకానికును, ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయుడైన మా సంఘ పెద్దను వెంట తీసుకొని వెళ్ళాము. 10,000 ఇస్తానన్నాడు. అతని సంఘ కాపరితో కూడా మాట్లాడాము. ఆయన చెప్పి చూచారు గాని ఫలితము లేదు.

తిరిగి వచ్చునప్పుడు బస్సులో ఆ ఉపాధ్యాయుడు మెల్లగా అడిగారు: "అయ్యగారూ, మన రశీదే అబద్ధమైతే, వాడి మీటరు అబద్ధమని ఏ నోటితో వాదిస్తాము?" మా యొద్ద జవాబు లేకపోయినది.

మా తప్పు ఒప్పుకొనుట

అసలు చిక్కు అక్కడనే ఉన్నది. మేమిచ్చినది 1,85,000. కాగితము చెప్పేది 1,40,000. మిగిలిన 45,000కు మా యొద్ద ఉన్నది, ఆ ఉదయము బ్యాంకులో డబ్బు తీసినట్టు పాసుపుస్తకములోని పద్దు మాత్రమే. 5,000 రూపాయల ఆశకు 45,000 రూపాయల సాక్ష్యమును మేమే చెరిపివేసికొన్నాము. సామెతల గ్రంథము దొంగ త్రాసును గద్దించుటతో ఆగలేదు. బేరములో సరుకు బాగులేదని చెప్పి, ఇంటికి పోయి గొప్పలు చెప్పుకొను కొనుగోలుదారుని గురించి కూడా 20వ అధ్యాయములో చెప్పినది. అమ్మువాని మోసమును మనము వెంటనే గుర్తుపట్టుదుము. మన వంతు మాత్రము కనబడదు.

ఆ డబ్బు సంఘముది గనుక తరువాతి ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట జరిగినది జరిగినట్టు చెప్పాము. చెప్పుటకు మునుపు మూడు రాత్రులు నిద్ర లేదు. కొందరు నొచ్చుకొన్నారు, ఒక కుటుంబము రెండు నెలలు గుడికి రాలేదు. కోత కూలి డబ్బు ఇచ్చిన ఒక వృద్ధురాలు మాత్రము, "ఆ ఐదు వేలు మమ్మల్ని అడిగితే మేమే ఇద్దుము గదయ్యా" అన్నది. ఆ మాట మాకు నేటికీ వినబడుచున్నది.

చట్టము ఇచ్చిన మార్గము

విశ్వాసి మీద విశ్వాసి న్యాయస్థానమునకు పోవచ్చునా అని కొందరు అడిగారు. పౌలు కొరింథీయులకు వ్రాసిన హెచ్చరికను మేము తేలికగా తీసికొనలేదు. అందుకే మొదట ఒంటరిగాను, పిమ్మట పెద్దలతోను వెళ్ళాము. ఆ మార్గములు మూసుకొన్న తరువాత, మరొక కుటుంబము అదే విధముగా చీకటి దారిలో నిలబడకుండునట్లు చట్టమును ఆశ్రయించుట పగ తీర్చుకొనుట కాదని తలంచాము. పౌలు కూడా తన వ్యాజ్యెమును కైసరు ఎదుట చెప్పుకొందునని అడిగిన సంగతి మీకు తెలియును.

1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టము స్థానములో 2019 చట్టము వచ్చి, 2020 జూలై నుండి అమలులో ఉన్నది. వ్యాపారి యొద్ద కొన్న పాత వస్తువునకు కూడా అది వర్తించును. పొరుగువాని యొద్ద నేరుగా కొన్న బండికి ఈ మార్గము లేదు, దానికి సివిలు కోర్టుకే పోవలెను. బ్రతుకుతెరువు కొరకు తానే నడుపుకొను టాక్సీ కొన్నవాడు కూడా ఈ చట్టము క్రింద వినియోగదారుడే.

మొదట మా ఫిర్యాదును తేదీలతో వ్రాసి, 15 రోజుల గడువు ఇచ్చి రిజిస్టరు పోస్టులో పంపాము. జవాబు రాలేదు. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రము నంబరు 1915కు ఫోను చేశాము. తెలుగులోనే మాట్లాడవచ్చును. వారు వ్యాపారికి మన ఫిర్యాదు చేరవేసి రాజీకి ప్రయత్నింతురు గాని తీర్పు ఇచ్చు అధికారము వారికి లేదు. మా విషయములో రాజీ కుదరలేదు.

పిమ్మట జిల్లా వినియోగదారుల కమిషనులో ఫిర్యాదు వేశాము. ఇక్కడ గ్రామీణులు తెలిసికొనవలసినవి కొన్ని ఉన్నవి. దుకాణము ఎక్కడ ఉన్నను, మనము నివసించు జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చును. చెల్లించిన ధర 5 లక్షల వరకు ఉంటే ఫీజు లేదు. 50 లక్షల వరకు జిల్లా కమిషనే వినును. న్యాయవాది తప్పనిసరి కాదు. వివాదము పుట్టిన రెండేండ్లలోపు వేయవలెను. సలహా కావలసినవారు న్యాయ సేవాధికార సంస్థను అడగవచ్చును, దాని నంబరు 15100. స్త్రీలకు, షెడ్యూల్డు కులముల, తెగల వారికి ఆదాయముతో పని లేకుండా అక్కడ న్యాయ సహాయము ఉచితము.

ఉన్నది ఉన్నట్టు తీసికొంటిమని సంతకము చేసినంత మాత్రమున అంతా అయిపోదు. కండ్లకు కనబడు గీతలకు, అరిగిన టైర్లకు ఆ మాట చెల్లవచ్చును. తెలిసి తెలిసి లోపమును దాచిపెట్టుట మోసమని 1872 నాటి కాంట్రాక్టు చట్టమే చెప్పుచున్నది. అయితే దాచినట్టు మనము చూపవలెను. మాకు సర్వీసు కేంద్రములోని అంకె అక్కరకు వచ్చినది.

ఫిర్యాదులో 1,85,000 అనియే వ్రాశాము. రశీదు తక్కువకు ఎందుకున్నదో, అందులో మా తప్పు ఎంతో కూడా వ్రాశాము. కమిషను ఇరువురి సమ్మతితో మమ్మును మధ్యవర్తిత్వమునకు పంపినది. ఆ గదిలో మా తప్పు మేమే ముందుగా చెప్పుకొన్నాము. అతడు చాలాసేపు మాట్లాడలేదు. చివరకు రెండు వాయిదాలలో 55,000 ఇచ్చుటకు, ఫైనాన్సు కాగితములు తెచ్చి ఇచ్చుటకు ఒప్పుకొన్నాడు. మాకు రావలసినదంతా రాలేదు. 2024 జనవరిలో ఆర్.సి. మా పేరు మీదికి వచ్చినది. ఇంజను బాగు చేయించాము. కారు నేటికీ ఐదు గ్రామములు తిరుగుచున్నది, మీటరులోని అంకెను మాత్రము మేము చూచుట మానుకొన్నాము.

కొనబోవు వారికి

1. మీ మెకానికును వెంట తీసుకొని పొండి. ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు ఆర్.సి.తో సరిపోల్చండి. సర్వీసు కేంద్రములో పాత వివరము అడగండి.

2. 2023 ఏప్రిల్ 1 నుండి పాత వాహనముల వ్యాపారి రవాణా శాఖ అనుమతి పొందవలెనను నియమము ఉన్నది. ఆ అనుమతి పత్రము ఫారం 29బి. చూపమని మర్యాదగా అడగండి.

3. ఆర్.సి. మీద ఫైనాన్సు పేరు ఉంటే, అప్పు తీరినట్టు లేఖ, ఫారం 35 చేతికి వచ్చువరకు పూర్తి డబ్బు ఇవ్వకండి. వేరే రాష్ట్రపు బండి అయితే ఫారం 28 కావలెను. చలానాలు మిగిలియున్నవేమో చూడండి.

4. ఫారం 29, ఫారం 30 మీద సంతకములు అయిన పిమ్మట పేరు మార్పును వాయిదా వేయకండి. కొన్నవాడు 30 రోజులలో దరఖాస్తు చేయవలెను. ఇన్సూరెన్సు మార్పుకు 14 రోజులలో కంపెనీకి తెలుపవలెను.

5. పాత బండి అమ్ముకొనువారు కూడా జాగ్రత్త. ఆర్.సి.లో పేరున్నవాడే ప్రమాద నష్టపరిహారమునకు బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టు చెప్పినది. అనుమతి గల వ్యాపారికి అప్పగించునప్పుడు ఫారం 29సి ద్వారా తెలియజేయండి.

6. అమ్మినవాడు నోటితో చెప్పిన మాటలన్నిటినీ రశీదులో వ్రాయించండి. డబ్బు బ్యాంకు ద్వారా ఇవ్వండి. ఎంత ఇస్తే అంతకే రశీదు తీసికొనండి.

యిర్మీయా 32వ అధ్యాయమును ఈ సందర్భములో చదువుడి. యెరూషలేము ముట్టడిలో ఉన్నది, ప్రవక్త చెరలో ఉన్నాడు. అమ్మువాడు పరాయివాడు కాడు, పినతండ్రి కుమారుడైన హనమేలు. అయినను యిర్మీయా అనాతోతులోని పొలమునకు 17 తులముల వెండి తూచి, సాక్షులను పెట్టి, పత్రము వ్రాయించి, ముద్ర వేసినదానిని వేయనిదానిని రెంటినీ మట్టి కుండలో భద్రపరచుమని బారూకునకు చెప్పాడు. బంధువు గదా అని కాగితము మానలేదు. కాలము బాగులేదని తొందరపడలేదు. తూచిన వెండి ఎంతో, వ్రాసినదీ అంతే.

వివాదము వచ్చిన తరువాత ఎవరి యొద్దకు పోవలెనని మనము వెదకుదుము. అది అవసరమే. అయితే ఆ వివాదములో మన పక్షమున నిలిచి మాటలాడవలసిన సాక్షిని కొన్న రోజుననే మనము వ్రాయించుకొని జేబులో పెట్టుకొనుచున్నాము. ఆ సాక్షి నిజము చెప్పునట్లు చూచుకొందుము గాక.