కంప్యూటరుకు అటక

టికిరిలో ఆదివారం నాడు పిల్లలకు తెలుగు నేర్పే గదిలో మాకొక పాత కంప్యూటరున్నది. మెమరీ రెండు గిగాబైట్లే. లినక్సు మీద నడుస్తున్నది. ఈ కొరాపుట్ సీమ 1936 దాకా మద్రాసు రాజధానిలో విశాఖపట్నం జిల్లాకు చేరినదే గదా. ఇక్కడి పెద్దల పాటలు పోకముందే రాసిపెట్టుకుందామని ఆ యంత్రాన్ని తెచ్చుకున్నాము.

మొన్న ఒక అమ్మమ్మగారు పెళ్లిపాటలు పాడుతుంటే మా కుర్రవాడు గంటసేపు టైపు చేశాడు. ఉన్నట్టుండి రాసే ప్రోగ్రామే మాయమైనది. భద్రపరచలేదు. పాపం, ఆవిడ మళ్లీ పాడారు. రెండు చరణాలు మాత్రం గుర్తు రాలేదు.

తప్పు మాదే. యంత్రం నత్తనడక నడుస్తున్నదని, స్వాపు తీసేస్తే చురుకవుతుందని ఎవరో చెప్పగా, అంతకు వారం ముందే తీసివేశాము.

స్వాపంటే అటకే. వంటింట్లో చోటు చాలకపోతే పండగనాటి గంగాళం అటకెక్కుతుంది. మెమరీలో చోటు చాలకపోతే కొన్ని పుటలు డిస్కు మీదికి పోతాయి. ఇది నిన్నటి ఆలోచన కాదు. 1962లో మాంచెస్టరులో ప్రారంభించిన అట్లాస్ యంత్రం 16,384 అరల మెమరీని, 98,304 అరల డ్రమ్మును కలిపి ఒకే మెమరీగా వాడుకున్నది. కాని అటకకు నిచ్చెన వెయ్యాలి. మెమరీలోది అందుకోవడానికి సెకనులో సుమారు కోటో వంతు పడితే, తిరిగే డిస్కు నుంచి తేవడానికి దాదాపు లక్షరెట్లు పడుతుంది. నత్తనడక అందువల్లనే.

చోటు కావలసినప్పుడు కెర్నలు రెండురకాల పుటలను చూస్తుంది. ప్రోగ్రాముల పుటలకు అసలు ప్రతి డిస్కులో ఉన్నది. పారవేసినా మళ్లీ తెచ్చుకోవచ్చు. భద్రపరచని పాటకు మరో ప్రతి ఎక్కడుంది? దాన్ని అటకెక్కించాలి. అటకే లేక, చోటు పూర్తిగా అడుగంటితే, కెర్నలు సాధారణంగా మెమరీ ఎక్కువగా తింటున్న ప్రోగ్రామును చంపేస్తుంది. మా పాట అలా పోయింది.

ఈ రెంటిలో ముందు దేనిమీద చెయ్యి వెయ్యాలో చెప్పే అంకెను స్వాపినెస్ అంటారు. మామూలుగా 60 ఉంటుంది. తగ్గించినకొద్దీ కెర్నలు అటక జోలికి తక్కువగా పోతుంది. సున్నా పెడితే అటక మూసినట్లేనని మేమూ అనుకున్నాము. కాదు, 2012 నాటి 3.5 కెర్నలు మొదలు, సున్నా ఉంటే చోటు దాదాపు అయిపోయేదాకా ఆగి, అప్పుడు ఎక్కిస్తుంది. 2020 నాటి 5.8 నుంచి ఈ అంకెను 200 దాకా పెంచవచ్చును. పుటలను కుదించి మెమరీలోనే దాచే జడ్‌ర్యామ్ వంటి చురుకైన అటక ఉన్నవారికి అది ఉపయోగం.

రెండు గిగాబైట్ల స్వాపు ఫైలు మళ్లీ పెట్టి, అంకె 10 చేశాము. యంత్రం ఆపి పెట్టినా నిలిచి ఉండేటట్లు సిస్‌సీటీఎల్ ఫైలులో రాశాము. 10లో మహత్యమేమీ లేదు. మరీ తగ్గిస్తే ప్రోగ్రాముల పుటలనే పదేపదే పారవేసి తెచ్చుకుంటూ యంత్రం మళ్లీ చతికిలపడుతుంది. 30 చాలునని కుర్రవాడి వాదం, ఇంకా తెగలేదు.

అమ్మమ్మగారు వచ్చే ఆదివారం మళ్లీ వస్తానన్నారు. ఆ రెండు చరణాలు తన చెల్లెలికి వచ్చునట.