రెండో పుటకు దారేది?

పరీక్ష ఫలితాల జాబితాలో వందల నంబర్లుంటాయి. అన్నీ ఒకేసారి తెరమీద పరిస్తే వెతకటం కష్టం కనుక, వెబ్‌సైట్లు వాటిని పుటలుగా విడదీసి అడుగున 1, 2, 3 అని అంకెలు వేస్తాయి. రెండు నొక్కితే రెండో పుట రావాలి గదా! ఒక బ్రౌజరులో వస్తుంది. మరో బ్రౌజరులో మళ్ళీ మొదటి పుటే రావచ్చు. రెండో పుటలో తన నంబరున్న అమ్మాయి ఎన్నిసార్లు నొక్కినా మొదటి పుటే చూసి, తాను తప్పాననుకుంటే ఎంత అన్యాయం!

తప్పు ఎక్కడున్నది? ముందు సర్వరు పని చూద్దాం. సర్వరు అంటే జాబితాను దాచివుంచి, అడిగిన వారికి పంపే కంప్యూటరు. అందులో పి.హెచ్.పి. వంటి భాషలో రాసిన స్క్రిప్టు వుంటుంది. పుటకు పదేసి నంబర్లనుకుందాం. పుట సంఖ్యలోంచి 1 తీసివేసి 10తో హెచ్చవేస్తే, ఎన్నింటిని దాటవేయాలో తెలుస్తుంది. మూడో పుటకు 20 దాటి, 21 నుంచి 30 దాకా. లెక్క యింతే. పుట సంఖ్య అందకపోతే, సాధారణంగా స్క్రిప్టు 1 అనుకుంటుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి.

ఇక చిరునామా. మనం చూస్తున్న పుట చిరునామా 'పదోతరగతి/ఫలితాలు?పుట=1' అనుకుందాం. స్క్రిప్టు రాసినవారు బద్ధకించి, లింకులో '?పుట=2' అని మాత్రమే రాశారు. మిగతాది బ్రౌజరే పూరించుకోవాలి. "రెండో గది" అని మాత్రమే రాసిన చీటీ యిస్తే, ఒకడు తాను నిలబడిన యింట్లోనే రెండో గదికి పోతాడు, మరొకడు వీధి మొదటికి పోయి నిలబడతాడు. ఇదీ అంతే.

ఈ తికమకకు చరిత్ర వున్నది. 1995 నాటి నియమం ప్రకారం '?పుట=2' అంటే 'పదోతరగతి/ఫలితాలు?పుట=2'. 1998లో వచ్చిన నియమం ప్రకారం చివరి ముక్క పోయి 'పదోతరగతి/?పుట=2' అవుతుంది! అక్కడ వున్నది వేరే స్క్రిప్టు. పుట సంఖ్యను అది పట్టించుకోకపోవచ్చు. 2005లో మళ్ళీ మొదటి అర్థానికే వచ్చారు. ఇప్పటి బ్రౌజర్లు దాన్నే పాటిస్తాయి. కాని పాత కంప్యూటర్లు ఒక్కరోజులో మాయం కావు గదా!

నేరస్థుణ్ణి పట్టే పద్ధతి మీ ప్రయోగశాలలోదే: ఒక్కటి తప్ప అన్నీ మార్చకుండా వుంచటం. రెండు బ్రౌజర్లలోనూ అదే పుట తెరిచి, 'వ్యూ సోర్స్' ద్వారా సర్వరు పంపిన పాఠాన్ని పోల్చండి. తేడా వుంటే సర్వరును అనుమానించాలి. తేడా లేకుంటే లింకు నొక్కి, పై పట్టీలో కనిపించే చిరునామాలను అక్షరమక్షరం పోల్చాలి. 'ఫలితాలు' అన్న మాట ఒకదానిలో మాయమైతే దొంగ దొరికినట్టే. లింకులో 'ఫలితాలు?పుట=2' అని రాస్తే ఏ నియమం ప్రకారమైనా ఒకే చోటికి పోతుంది.

మరో దొంగ & గుర్తు. చిరునామాలో రెండు వివరాలను కలపటానికి దీన్ని వాడతారు. కాని వెబ్ పుటల భాషలో & తరువాత సి, ఓ, పి, వై అనే ఇంగ్లీషు అక్షరాలు వస్తే © గుర్తు అని అర్థం! చివర సెమికోలన్ లేకపోయినా కొన్ని పాత బ్రౌజర్లు అలాగే మార్చివేసి చిరునామాను పాడుచేసేవి. అందుకే లింకులో & రాయవలసిన చోట, దాని పక్కనే ఏ, ఎం, పి అక్షరాలు, ఆపైన సెమికోలన్ చేర్చి రాస్తారు. బ్రౌజరు దాన్ని మళ్ళీ ఒంటరి & గానే చదువుకుంటుంది.