మదనపల్లె టమాటా లారీ డీజిల్‌కు.. మాస్కో, వాషింగ్టన్‌తో లింకేంటి?

మదనపల్లె మార్కెట్ యార్డులో టమాటా ఎత్తిన లారీ కిరాయిలో పెద్ద వాటా డీజిల్‌దే. ఆ డీజిల్‌కు కావాల్సిన ముడిచమురు ఎవరి దగ్గర కొనాలన్న దానిపైనే ఢిల్లీకి, వాషింగ్టన్‌కు మధ్య పేచీ వచ్చింది.

లెక్క సింపుల్. మన దేశం వాడే ముడిచమురులో 85 శాతానికి పైగా బయటి నుంచి రావాల్సిందే. ఇంతగా ఆధారపడిన దేశం ఎవరో ఒకరి పక్షాన గట్టిగా నిలబడాలంటే ముందు ట్యాంకర్ల సంగతి చూసుకోవాలి.

ఇరాన్ విషయంలో భారత్ తగ్గింది. అమెరికా ఇచ్చిన ఆంక్షల మినహాయింపు 2019 మేలో ముగియగానే అక్కడి నుంచి కొనడం ఆపేసింది. రష్యా విషయంలో మాత్రం సీన్ మారింది.

2022 మార్చి 2న ఉక్రెయిన్‌పై దాడిని ఖండిస్తూ ఐరాసలో 141 దేశాలు ఓటేస్తే, భారత్ ఓటింగ్‌కు దూరంగా ఉంది. నిజానికి అప్పటికి రష్యా చమురు మన దిగుమతుల్లో 2 శాతం కూడా లేదు. ఆ నిర్ణయం వెనక ఆయుధాలు, సోవియట్ నాటి స్నేహం ఉన్నాయి. అయితే ఎవరి పక్షమూ చేరకపోవడం వల్లే చౌక చమురుకు దారి తెరుచుకుంది. యూరప్ వద్దన్న సరుకును రష్యా రేటు తగ్గించి అమ్మింది. చూస్తుండగానే మన దిగుమతుల్లో దాని వాటా మూడో వంతు దాటింది.

మరి ఆ తగ్గింపు బంకులో కనిపించిందా? పెద్దగా లేదు. 2022 మేలో ఎక్సైజ్ కోత, 2024 మార్చిలో లీటరుకు 2 రూపాయల తగ్గింపు.. అంతే. ధరలు ఇంకా పెరగకుండా ఆపామని కేంద్రం అంటోంది. లాభం రిఫైనరీలకే పోయిందన్నది విమర్శకుల మాట. రెండింట్లోనూ కొంత నిజముంది. పుంగనూరు నుంచి ముళబాగిలు వైపు వెళ్లే డ్రైవర్‌ను అడిగితే మాత్రం వేరే లెక్క చెబుతాడు. సరిహద్దు దాటి కర్ణాటకలో ట్యాంకు నింపితేనే గిట్టుబాటు. కారణం పుతిన్ కాదు, మన రాష్ట్ర వ్యాట్!

రష్యా చమురుకు అసలు బిల్లు 2025 ఆగస్టు 27న వచ్చింది. ఆ చమురు కొంటున్నందుకే అంటూ ట్రంప్ మరో 25 శాతం సుంకం వేయడంతో మొత్తం 50 శాతానికి చేరింది. దెబ్బ తగిలింది చమురు కంపెనీలకు కాదు, కోస్తా రొయ్యల రైతులకు. మన రొయ్యలకు అమెరికానే అతిపెద్ద మార్కెట్. కొన్నది ఒకరు, కట్టింది ఇంకొకరు.

అక్టోబరులో రాస్‌నెఫ్ట్, లూకాయిల్‌పై అమెరికా ఆంక్షలు పెట్టింది. నవంబరులో మన ప్రభుత్వ కంపెనీలు 2026 కోసం అమెరికా నుంచి 22 లక్షల టన్నుల వంటగ్యాస్‌కు ఒప్పందం చేసుకున్నాయి. ఏడాది ఎల్‌పీజీ దిగుమతుల్లో ఇది దాదాపు 10 శాతం. గల్ఫ్ మీదే ఆధారపడిన సిలిండర్‌కు ఇంకో దారి దొరికింది, సుంకాలపై బేరాలు నడుస్తున్న వేళ వాషింగ్టన్‌కు సిగ్నల్ కూడా వెళ్లింది.

అయితే బయటి ఇంధనం అవసరమే తగ్గించుకోలేమా? కుప్పం నియోజకవర్గంలో ఆ ప్రయత్నం జరుగుతోంది. 2025 జనవరిలో సీఎం చంద్రబాబు నడిమూరులో ఇళ్లపై సోలార్ పథకాన్ని మొదలుపెట్టారు. డీజిల్ లారీకి దీంతో ఇప్పటికిప్పుడు ఒరిగేదేమీ లేదు. పైగా ప్రపంచంలో సోలార్ ప్యానెళ్ల తయారీలో ప్రతి దశలోనూ 80 శాతానికి పైగా చైనా చేతిలోనే ఉంది.