మీకు తెలుసా? విశాఖ గాలివానకును పల్నాటి డీజిలునకును గల చుట్టరికము

మాచర్ల, గురజాల, నరసరావుపేట వాసులకు సముద్రము దూరమే గాని, ట్రాక్టరునకు కావలసిన డీజిలు విషయమున ఆ దూరము అంతగా లెక్కకు రాదు. 2014 అక్టోబరు 12వ తేదీన గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగపు గాలులతో విశాఖపట్టణమును తాకిన హుద్‌హుద్ తుపాను, నాడు ఏటా 83 లక్షల టన్నుల ముడిచమురును శుద్ధి చేయగలిగియుండిన హిందుస్థాన్ పెట్రోలియము వారి కర్మాగారమును మూతపడునట్లు చేసినది. విశాఖనుండి విజయవాడ మీదుగా సికింద్రాబాదు వఱకు సాగు 572 కిలోమీటర్ల గొట్టపుమార్గము ఆ కర్మాగారపు పెట్రోలును, డీజిలును కొనివచ్చునది గనుక, తీరమున కలిగిన విఘాతము కృష్ణ దాటి మెట్టపొలముల వఱకును ప్రాకవచ్చును.

విచిత్ర మేమనగా, నిల్వ యున్నంత మాత్రమున బంకు పనిచేయదు. నేలలోని తొట్టినుండి ఇంధనమును తోడు పంపునకు విద్యుత్తే ఆధారము, తుపాను తొలుత కూల్చునదియు ఆ విద్యుత్‌స్తంభములనే! నాడు విశాఖలో బంకులయొద్ద జనులు బారులు తీరిరి.

2005లో కత్రినా తుపాను మెక్సికో సింధుశాఖలోని చమురుబావులను స్తంభింపజేసినపుడు, అంతర్జాతీయ ఇంధన సంస్థ సభ్యదేశములు 6 కోట్ల పీపాల అత్యవసర నిల్వలను విడుదల చేయ నిశ్చయించెను. విశాఖలోను నేడు భూగర్భ శిలాగుహలయందు 13.3 లక్షల టన్నుల ముడిచమురును దాచు వసతి కలదు. గాలి ఆ గుహలను చేరజాలదు, నిజమే. అయినను పైనున్న శుద్ధి కర్మాగారము నిలిచిపోయినచో ఆ చమురు డీజిలు కానేరదు.