చాపిన చేయి

మార్కు సువార్త మూడవ అధ్యాయములో ఊచచెయ్యి గలవాడు ఒకడు సమాజమందిరములో కనబడతాడు. ప్రభువు అతనిని నలుగురి మధ్య నిలువబెట్టి, ఆ చేతినే చాపమన్నాడు. అందరి యెదుట ఆ చేయి బాగుపడింది.

కోటబొమ్మాళి సంతకు వెళ్లే మనలో చాలామంది, కుష్ఠువ్యాధి వలన వ్రేళ్లు ముడుచుకుపోయిన చేతిని తువ్వాలు క్రింద దాచుకొనేవారిని చూచే ఉంటాము. "ఇక ఆ చేయి పోయినట్టే" అనుకొని దాటిపోతాము. అది నిజమేనా?

డాక్టర్ పాల్ బ్రాండ్‌గారు 1914లో తమిళనాడులోని కొల్లి కొండలలో మిషనరీ దంపతులకు జన్మించారు. 1946లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చారు. 1947లో చెంగల్పట్టు కుష్ఠు ఆశ్రమాన్ని చూడబోయినపుడు, వ్రేళ్లు వంకరపోయిన ఒక రోగిని తన చేయి గట్టిగా పట్టుకోమన్నారు. ఆ పట్టుకు డాక్టరుగారికే నొప్పి పుట్టింది! అంటే ఆ చేతిలో బలము ఇంకా ఉన్నది.

కుష్ఠువ్యాధి మోచేతి దగ్గరి నరమును దెబ్బతీస్తుంది. అరచేతిలోని చిన్న కండలు చచ్చుబడి వ్రేళ్లు ముడుచుకుపోతాయి. ముంజేతి కండలు మాత్రం చాలావరకు బాగానే ఉంటాయి. 1948 నుండి బ్రాండ్‌గారు మంచి కండ యొక్క స్నాయువును దారి మళ్లించి వ్రేళ్లకు కుట్టసాగారు. ఒక మడికి పారే నీటిని ఎండిన మడికి మళ్లించినట్లన్నమాట. కట్టు విప్పిన తరువాత, ఆ వ్రేళ్లు కొత్త పని నేర్చుకొనుటకు రోజూ వ్యాయామము చేయాలి.

కాని కథ అక్కడితో ముగియలేదు. బాగుపడిన కొందరు తిరిగి వచ్చి మొరపెట్టుకొన్నారు. వంకర చేతులకు భిక్షమైనా దొరికేది. చక్కని చేతులకు అదీ లేదు, పనీ లేదు! అందుకే వెల్లూరులో వారికి వడ్రంగము, బొమ్మల తయారీ నేర్పే చోటు ఏర్పడింది. డాక్టరు చేతిని చక్కదిద్దగలడు. ఆ చేతిని పట్టుకోవలసినది మాత్రం ఊరు, సంఘము.

మన ప్రాంతములో సాలూరులోని ఫిలడెల్ఫియా ఆసుపత్రి కుష్ఠురోగుల సేవకై మిషను వారు స్థాపించినదే. నేడు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో మందులు ఉచితము. వ్యాధిని బట్టి ఆరు లేక పన్నెండు నెలలు వాడాలి. మందు మొదలుపెట్టిన కొద్ది రోజులకే వ్యాధి ఇతరులకు సోకే గుణము పోతుంది. కాబట్టి తల్లులారా, పిల్లల ఒంటిమీద స్పర్శలేని పాలిన మచ్చ ఉన్నదేమో చూడండి. చిటికెన వ్రేలు తిమ్మిరెక్కి పట్టు తగ్గితే వెంటనే వెళ్లండి. ఆరు నెలలలోపు వెళ్తే, ఆపరేషను లేకుండానే నరము కోలుకొనే అవకాశమున్నది. స్పర్శ పోయిన చేతికి వేడి గిన్నె కాలినా, కొడవలి తెగినా తెలియదు. గుడ్డ పట్టుకొని గిన్నె దించండి. రోజూ చేతులు చూచుకోండి.

ప్రియ సహోదరులారా, వచ్చే ఆదివారము ఆరాధన ముగిసి ఒకరికొకరు వందనములు చెప్పుకొనేటపుడు, గుడి వెనుక వరుసలో చేయి దాచుకొని కూర్చున్నవారి యొద్దకు వెళ్లండి. ప్రభువు కుష్ఠురోగిని మాటతోనే బాగుచేయగలిగియుండియు, చేయి చాపి ముట్టెను. మన చేయి చాపుటకు ఏ ఆపరేషను కావాలి?