సెకండ్ హ్యాండ్ హైబ్రిడ్ కారు లాభమేనా?

పిల్లల్ని స్కూల్లో దించడానికి ఒకటి రెండేళ్లు నడిచిన కారు చూస్తున్నారా? హైబ్రిడ్ అనగానే తొందరపడకండి, ముందు లెక్క వేయండి.

గ్రాండ్ విటారా మైల్డ్ హైబ్రిడ్ మాన్యువల్ కారుకు కంపెనీ చెప్పే మైలేజీ 21.11 కి.మీ., స్ట్రాంగ్ హైబ్రిడ్‌కు 27.97. ఏడాదికి 10,000 కి.మీ. తిరిగితే మిగిలేది 116 లీటర్లే. లీటరు నూరు రూపాయలనుకుంటే 11,600. దానికోసం రెండు లక్షలు ఎక్కువ పెడితే, ఆ డబ్బు తిరిగి రావడానికి పదిహేడేళ్లు! అప్పటికి పిల్లలే కారు నడుపుతుంటారు.

రోజూ శ్రీపెరంబుదూరు దాకా వెళ్ళొచ్చేవాళ్ల లెక్క వేరు. అన్నాసాలై ట్రాఫిక్‌లోనూ లాభం కాస్త పెరుగుతుంది, మెల్లగా కదిలేటప్పుడు బండి బ్యాటరీతోనే నడుస్తుంది కాబట్టి.

ఏది కొన్నా బ్యాటరీ వారంటీ ఎంత మిగిలిందో చూడండి. 2023 డిసెంబరు తుఫానులో బండి నీళ్లలో నిలిచిందేమో, ఇన్సూరెన్స్ క్లెయిమ్ కాగితాలు అడగండి.